దారిలో ‘అమ్మా’ అన్నందుకు

మా ముత్తాత వెంకట నరహరిరావు గారికి దేవరకొండ చుట్టుపక్కల దేశ్‌ముఖీ ఉండేది. ఆయన గుర్రం మీద పోతుంటే ఊరంతా చెప్పులు విప్పి పక్కకు నిలబడేది. ఆయన కొడుకు, అంటే మా తాత లక్ష్మణరావు గారికి, నిజాం సర్కారు దర్బారులో కుర్చీ ఉండేది. ఆ కుర్చీలో ఆయన ఒక్కనాడు కూడా వెనక్కి ఆనుకుని కూర్చోలేదని మా ఇంట్లో గొప్పగా చెప్పుకునేవారు. మా వంశంలో వెన్ను ఆనించటం లేదు, వంచటం అసలే లేదు. ఆయన కొడుకు రాఘవరావు గారు మా బాపు. ఆ రాఘవరావు గారికి ఏకైక వారసుణ్ణి నేను.

ఇంతటి వాణ్ణి, ఒక మిట్టమధ్యాహ్నం, దాహానికి తట్టుకోలేక ఒకే ఒక తీపి మాట పలికి, కాబోయే మామగారికి తమ్ముణ్ణీ, కాబోయే పెండ్లానికి చిన్నాయిననూ అయి కూర్చున్నాను. ఎట్లా అయ్యానో చెబుతాను. నవ్వటానికి మీకు అనుమతి ఉంది. రాగిపల్లిలో కోట లాంటి మా గడి నిలిచి ఉన్న రోజుల్లో అయితే ఉండేది కాదు.

మా గడిలో మనుషులను పిలిచే పద్ధతి చాలా సులువు. చిన్నవాడైతే ‘ఒరేయ్’, పెద్దవాడైతే ‘ఏందిరా’, ఆడమనిషి అయితే ‘ఏమే’. వాళ్ళు మమ్మల్ని పిలిచే పద్ధతి ఇంకా సులువు. ‘దొరా, నీ బాంచెన్.’ భూమి మీద మనుషులు ఒకరినొకరు ఇంకే విధంగానైనా పిలుచుకుంటారని మీసాలు వచ్చేదాకా నాకు తెలియదంటే నమ్మండి.

తరువాత దొరల మీద తిరగబడ్డ రైతుల సంగం వచ్చింది. ‘దొర’ అనే మాటను మా ఊరు చూస్తుండగానే మరిచిపోయింది. మా బాపు వాకిట్లో నిలబడి ‘ఏందిరా’ అంటే, ఎదుటివాడు తలగుడ్డ తీయకుండానే ‘నువ్వు జెప్పు, ఏంది?’ అని తిరిగి అడిగాడు.  ఆ వారంలోనే మేము బండి కట్టుకుని హైదరాబాదు చేరాం. అక్కడి కిరాయి ఇంటి యజమాని పొద్దున్నే గోడ మీది నుంచి తొంగిచూసి, ‘ఏం సాబ్, నీళ్ళు పట్టుకున్నరా?’ అని అడిగేవాడు. బావిలోకి బొక్కెన వేయటం నేర్చుకున్నదానికన్నా ఆ పలకరింపే మా బాపును ఎక్కువ కుంగదీసింది.

మిలిటరీ వచ్చింది. నిజాం రాజ్యం పోయింది. చాలామంది దొరలు తిరిగి ఊళ్ళకు చేరుకున్నారు. మా బాపు పోలేదు. ఊరంతా కలిసి వచ్చి పిలిస్తేనే పోతానన్నాడు. ఊరు ఇప్పటిదాకా పిలవలేదు.

ఈలోగా నాకు పెండ్లి ఈడు వచ్చింది. గడి పోయిన దొర కొడుక్కి పిల్లనెవరిస్తారు? వచ్చిన సంబంధాలన్నీ మా కిరాయి ఇంటి గుమ్మం చూసి, మంచినీళ్ళు తాగి, మర్యాదగా వెళ్ళిపోయాయి. చివరికి ఒకే ఒక్కటి మిగిలింది. దేవరకొండకు అవతల ఎర్రగుంటపల్లిలో పటేలు రంగారావు గారి బిడ్డ ఆండాళు. మా వాళ్ళే. అయితే వాళ్ళకు గడి లేదు, మిద్దె ఇల్లు. ఊరితో కలిసి బతికిన కుటుంబం కాబట్టి సంగం వాళ్ళు కూడా వాళ్ళ జోలికి పోలేదు. ఆయన పంపిన కబురు ఇది: “పిల్లగాడు ఒక్కడే రావాలె. బండ్లు, బలగం వద్దు, రోజులు బాగలెవ్వు. మా అమ్మ సూడాలె. ఆమె సరే అంటే మాట ఖాయం.”

మా బాపు నన్ను ఎదురుగా నిలబెట్టి ఒక్కటే అన్నాడు. “గీ సంబంధం గూడ తప్పిందనుకో, మన వంశం నీతోనే ఆఖరు.”

వంశం సంగతి అట్లా ఉంచండి. నాకూ ఒక సొంత కారణం ఉంది. ఆండాళును నేను చూడలేదు కానీ ఆమె గురించి విన్నాను. వాళ్ళ వాకిట్లో ఎండబోసిన మిరపకాయల మీదికి మిలిటరీ జీపు ఎక్కితే, ఆ పిల్ల చీపురు పట్టుకుని బయటికి వచ్చి జీపును వచ్చిన దారినే వెనక్కి నడిపించిందట. నడిపేవాడికి తెలుగు రాదు, ఆమెకు హిందీ రాదు. అయినా జీపు వెనక్కి పోయింది. ఈ కథ విన్న రోజే చేసుకుంటే ఆ పిల్లనే చేసుకోవాలనుకున్నాను. జీపునే వెనక్కి పంపినామె మా ఇంటికి వస్తే, మా రోజులను కూడా కాస్త ముందుకు నడపకపోతుందా అని.

ప్రయాణానికి ముందు మా మున్షీ ఖాసిం సాబ్ నన్ను పరీక్షించాడు. గడి పోయినా మమ్మల్ని వదలని మనిషి అతనొక్కడే.

“చిన్నదొరా, నోరెట్ల తెరుస్తరో జర సూపియ్యిండ్రి.”

“తెరిచేదేంది? తొవ్వ తెలువకుంటె అడుగుత.”

“ఎట్లడుగుతరు?”

“‘ఒరేయ్, ఎర్రగుంటపల్లికి తొవ్వ ఏదిరా’ అంట.”

ఖాసిం సాబ్ తల పట్టుకున్నాడు. “గా ఒక్క మాటతోని సంగపోల్లు మిమ్ముల దొర అని పట్టుకుంటరు. గీ నిక్కిన ఎన్ను సూసి దళపోడేమో అని మిలిటరోల్లు పట్టుకుంటరు. ఇద్దరు జెరొక చెయ్యి గుంజుతె మీ బాపుకు నేనేం తెచ్చియ్యాలె?”

“మరేమనాలె?”

“మెత్తగ మాట్లాడుండ్రి. ముసలామె అవుపడితె అమ్మా, అవ్వా. మొగోడైతె అన్నా, తమ్మీ, మామా, బావా. సిన్నోల్లయితె బిడ్డా. పేరడిగితె మల్లయ్య అనుండ్రి.”

“ఎవలకు ఏదనాలె?”

“మీ నోటికొచ్చింది అనుండ్రి,” అన్నాడు విసుగ్గా.

మేము పెద్దల మాట జవదాటని వంశం. నోటికొచ్చిందే అన్నాను.

మొదటి ప్రయోగం బొగ్గుతో నడిచే బస్సులో జరిగింది. కండక్టరుకు నిమ్మకాయలు నిలిచేంత మీసాలున్నాయి. గొంతులో తేనె పోసుకుని, “బిడ్డా, దేవరకొండకు ఒక టికెట్టియ్యి,” అన్నాను. ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, “ఎక్కు తాతా,” అన్నాడు. బస్సంతా నవ్వింది. అందులో కూర్చోవటానికి జాగా లేదు. ఒక లావాటి సావుకారి పక్కన నిలబడి, “బావా, జర జరుగు,” అన్నాను. ఆయన వెంటనే జరిగాడు. జరగటమే కాదు, “ఎవలింటోనివి బావా?” అంటూ వేయించిన పల్లికాయలు దోసిట్లో పోశాడు. దేవరకొండ దాకా ఒలుచుకుంటూ పోయాను. మా తాతలు కర్రతో సాధించింది ఇంత చిన్న మాటతో సాధ్యమా అని ఆశ్చర్యపోయాను. ఇన్ని తరాలుగా ఈ కిటుకు మాకు చెప్పినవాడే లేడే అని బాధపడ్డాను కూడా.

దేవరకొండలో దిగగానే మిలిటరీ తనిఖీ నాకా. మన భాష రాని జవాను ఒకడు తుపాకీ అడ్డం పెట్టాడు. పక్కన మన ఊళ్ళ కానిస్టేబులు ఉన్నాడు. నేను జవాను వైపు తిరిగి, “బావా, పెద్ద పని మీద పోతున్న, ఇడిసిపెట్టు,” అన్నాను. జవాను కానిస్టేబులును అడిగాడు. కానిస్టేబులు నన్ను అడిగాడు.

“బావ అంటె ఏందని అడుగుతుండు. ఏం జెప్పాలె? నీ చెల్లెను గీయనకిచ్చినవా?”

“నాకు చెల్లెల్లు లేరు.”

“గీయన చెల్లెను నువ్వు చేసుకున్నవా?”

“ఇంకా పెండ్లి కాలే.”

“మరి యాడి బావరా వీడు నీకు? ఢిల్లీ దిక్కు మేనత్త ఉన్నదా?”

ఇదంతా అతను జవానుకు హిందీలో వివరించాడు. జవాను తుపాకీ భుజం మీది నుంచి జారిపోయేదాకా నవ్వి, నా వీపు మీద చరిచి పంపించాడు. తెలివిగలవాడికి ఇక్కడే బుద్ధి రావాలి. నాకు గర్వం వచ్చింది. మిలిటరీని కూడా ఒక్క మాటతో దాటినవాణ్ణి కదా!

అక్కడి నుంచి నడక. రెండు దిక్కులా గుట్టలు, రాళ్ళు, ఆముదపు చేలు. వాన మొహం చూడని నేల. మూటలో షేర్వానీ పెట్టుకుని, ముతక ధోవతి కట్టుకుని నడుస్తున్నాను. గొంతు ఎండిపోయింది. అడ్డదారి అని ఒక చేలో అడుగు పెట్టానో లేదో, ఆముదపు మొక్కల మధ్య నుంచి ఒక ముసలామె లేచి నిలబడింది. ముతక చీర, దోపిన కుచ్చెళ్ళు, నెత్తిన గుడ్డ, చేతిలో కొడవలి. కూలామె అనుకున్నాను. మా ఇంట్లో పెద్ద ఆడవాళ్ళు ఎండ మొహం ఎరుగరు మరి. ఇంత మాసిన చీరలో ఇంకెవరుంటారు? కొంచెం అవతల చిన్న వాగు లాంటి ఒర్రె పక్కన ఒక చాకలామె ఆరిన బట్టలు మూటలు కడుతోంది. గాడిద ఒకటి నిలబడి నన్నే చూస్తోంది.

“ఎవలయ్యా నువ్వు?” అంది ముసలామె.

“తొవ్వంట పోయేటోన్ని.”

“తొవ్వ గక్కడున్నది. నువ్వు నా చేన్ల ఉన్నవు. సంగపోనివా, మిలిటరోనివా?”

“రెండూ గాదు.”

“రెండూ గాకపోతె ఇంకింత అనుమానం. లచ్చవ్వా! ఊల్లెకు కేకెయ్యవే!”

ఆ రోజుల్లో ఒక కేక పడిందంటే ఊరంతా కర్రలతో వచ్చేది. ఆ వెనకే మిలిటరీ వచ్చేది. పెండ్లిచూపులు ఠాణాలో జరుగుతాయి. నా కళ్ళ ముందు మా బాపు ముఖం, చీపురు పట్టుకున్న ఆండాళు, రెండూ మెరిసి మాయమయ్యాయి. నోరు దానంతట అదే తెరుచుకుంది.

“అమ్మా! కేకెయ్యొద్దు! నన్ను గన్న తల్లివి నువ్వు. నేను నీ కడుపుల పుట్టినోన్ని. కొడుకు గొంతెండి వస్తె తల్లి గిట్ల కొడవలి సూపిస్తదా?”

ఈ మాటలు నాలో ఎక్కడ దాక్కుని ఉన్నాయో నాకు తెలియదు. కొడవలి నెమ్మదిగా కిందికి దిగింది.

“ఏమంటివి?”

“అమ్మా అంటి.”

“ఉత్తగన్నవా, మనసుల అన్నవా?”

“మనసులనే అమ్మా.”

“పేరేంది?”

“మల్లయ్య.”

ముసలామె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “నాకు ఒక్కడే కొడుకయ్యా. రెండోడు గావాలెనని మొక్కని దేవుడు లేడు. పండ్లు ఊడినంక చేన్ల దొరికినవా కొడుకా!” అంటూ నా నెత్తి మీద చేయి పెట్టింది. కుండలోంచి నీళ్ళు పోసింది. గుడ్డ విప్పి జొన్నరొట్టె మీద పుంటికూర, అదే గోంగూర, తొక్కు పెట్టి ఇచ్చింది. నేను తింటుంటే తృప్తిగా చూస్తూ కూర్చుంది. ఆ రొట్టె రుచి గురించి రాయమంటే ఇంకో పుస్తకం అవుతుంది.

ఇంతలో ఆ చాకలామె, లచ్చవ్వ, దగ్గరికి వచ్చింది. మా అమ్మ వయసు మనిషి. “మరి నన్నేమంటవు మల్లయ్యా?” అని అడిగింది నవ్వుతూ.

కడుపు నిండినవాడు ఉదారంగా ఉంటాడు. “నువ్వు నాకు బిడ్డవు,” అన్నాను.

“తప్పురా!” అని ముసలామె నా నెత్తిన మొట్టింది. “వరుస తెలువదా నీకు? నన్ను అమ్మ అంటివి. లచ్చవ్వ నన్ను పెద్దమ్మ అంటది. గట్లయితె నీకేమైతది? అక్క. ఒక్కల్ను ఒక్కటంటె ఊరంత దాని ఎనుకనే వస్తది కొడుకా. యాడ పెరిగినవురా నువ్వు?”

గడిలో పెరిగానని ఎట్లా చెప్పను? “అక్కా,” అన్నాను బుద్ధిగా.

“గట్లయితె తమ్మీ, గా మూట జర గాడిద మీదికి అందియ్యి,” అంది లచ్చవ్వ.

దర్బారులో కుర్చీ ఉన్న లక్ష్మణరావు గారి మనుమడు చాకలి మూట ఎత్తి గాడిద మీద పెట్టాడు. గాడిదకు నచ్చినట్టే ఉంది, కదలకుండా నిలబడింది.

వాళ్ళకు దండం పెట్టి ఊరి వైపు నడిచాను. ఊరి బయట ఒక గడ్డివాము చాటున ధోవతి మార్చి, పైజామా, షేర్వానీ తొడుక్కుని, జుట్టు తడిపి దువ్వుకున్నాను. మల్లయ్య గడ్డివాము దగ్గరే ఉండిపోయాడు. ఎర్రగుంటపల్లిలోకి అడుగు పెట్టింది రాఘవరావు గారి వారసుడు.

రంగారావు గారు మర్యాదగా ఎదురొచ్చి అరుగు మీద జంపఖానా వేయించారు. వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాను. వంశం అడిగారు, ముత్తాత నుంచి చెప్పాను. తలుపు వెనక గాజులు వినిపిస్తే గొంతు ఇంకొంచెం పెంచి చెప్పాను.

“అంత మంచిగనే ఉన్నది,” అన్నారు రంగారావు గారు. “ఇగ మా అమ్మ సూడాలె. ఇయ్యాలన్న ఇంటికాడ ఉండవే అంటె ఇనకపాయె. నా చేను నేను సూసుకోకుంటె ఎవలు సూస్తరని పొద్దుగాల్నే కొడవలి పట్టుకోని పోయింది.”

‘చేను’, ‘కొడవలి’ అనే మాటలు వినగానే అరుగు అంచుకు జరిగాను. లేచి వెళ్ళిపోదామా అనుకునేలోపు వాకిట్లో గాడిద ఓండ్ర వినిపించింది. ఆ వెనక నెత్తిన గంపతో ముసలామె లోపలికి వచ్చింది. షేర్వానీ వల్ల ఒక్క క్షణం ఆగింది. తరువాత గంప కింద పడేసింది.

“కొడుకా! మల్లయ్యా! నువ్వు నా ఇంటికే వచ్చినవా?”

రంగారావు గారు ఆమెనూ నన్నూ మార్చి మార్చి చూశారు. “మల్లయ్య ఎవడే అమ్మా? పిల్లను సూడొచ్చిన పిల్లగాడు. నరసింహారావు.”

నా పేరు నరసింహారావు అని మీకు చెప్పలేదు కదూ. ఆ క్షణంలో నేనూ మరిచిపోయాను.

“నరసింహారావైతేంది, నరకాసురుడైతేంది, వీడు నా కొడుకు,” అంది ఆమె. “చేన్ల దొరికిండు. నెత్తి మీద చెయ్యేసిన. నా చేతి రొట్టె తిన్నడు. రంగా, వీడు నీ తమ్ముడు.”

“తమ్ముడా!”

“తమ్ముడే. లచ్చవ్వ సూసింది.”

“నిజమే అన్నా,” అంది లచ్చవ్వ వాకిట్లో మూట దించుతూ. “నాకు తమ్ముడు.”

రంగారావు గారు మెల్లగా అరుగు మీద కూర్చున్నారు. “అమ్మా, గట్లయితె మన ఆండాలు?”

“ఆండాలు నీకు బిడ్డ. నీ తమ్మునికి గూడ బిడ్డనే. అన్న బిడ్డను ఎవడన్న చేసుకుంటడా? ఇనేటందుకే పాపం.” ఆమె ముఖంలో కోపం లేదు. నా కోసం ఒక దిగులుంది. “నీకు ఇంకో పిల్లను నేనే సూస్త కొడుకా. ఫికర్ జెయ్యకు. తల్లి ఉన్నదిగ నీకు.”

నా వంశం ఆ అరుగు మీదే ఆఖరైపోతోంది. గొంతు సవరించుకున్నాను. “అవ్వా, నేను గౌరవానికి అన్న. దారిల ఎదురుపడితె అంటరు గద అట్ల.”

“అంటె ఉత్తగన్నవా?”

“ఉత్తగంటె... ఉత్తగ గాదు గని...”

“మనసుల అన్న అంటివి గదా. అబద్ధమా?”

ఇప్పుడు నా అవస్థ ఆలోచించండి. నిజమంటే నేను ఆండాళుకు చిన్నాయినను. అబద్ధమంటే అబద్ధాలకోరుకు ఆ ఇంట్లో పిల్లనివ్వరు. తప్పుడు పేరు చెప్పింది ఎలాగూ బయటపడింది.  నోరు తెరిస్తే ఒక ప్రమాదం, మూస్తే ఒక ప్రమాదం.

“మనసుల్నే అన్న,” అన్నాను చివరికి. ఎందుకన్నానో నాకే తెలియదు. ఆ రొట్టె తింటున్నప్పుడు నిజంగానే అట్లా అనిపించింది కాబోలు.

రంగారావు గారు నిట్టూర్చారు. “నిజమే జెప్పిండు. మంచి పిల్లగాడే అయ్యె గని, ఏం జేస్తం. తమ్ముడాయె.”

తలుపు వెనక నుంచి నవ్వు వినిపించింది. చాలాసేపటి నుంచి ఆపుకుని, ఇక ఆపలేక తెగిపోయిన నవ్వు. తరువాత ఒక గొంతు.

“నాయినమ్మా, కొడుకైతే దత్తతియ్యరాదా?”

“ఏందే?”

“నీ కొడుకు మీద నీకు హక్కుంటది గదా. ఎవలకన్న దత్తతియ్యి. బాపును అన్న అనేటామెకియ్యి. గప్పుడు బాపుకు మేనల్లుడైతడు. నాకు...” అక్కడ గొంతు ఆగింది. గాజులు మాత్రం గలగలమన్నాయి.

అందరం నోళ్ళు తెరిచాం. జీపును వెనక్కి పంపిన పిల్ల ఈమేనని నాకిక ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

ముసలామె చాలాసేపు వేళ్ళు మడిచి వరుసలు లెక్కబెట్టింది. ఆమె వేళ్ళతో పాటు నా ప్రాణం మడుచుకుంటూ తెరుచుకుంటూ ఉంది. “తప్పు లేదు,” అంది చివరికి. “కన్న తల్లి ఇస్తె దత్తత పోవచ్చు. గని వీడు నాకు కొడుకైనకాడ ఉన్న మనిషే తీస్కోవాలె. లచ్చవ్వా, తీస్కుంటవా?”

లచ్చవ్వ నవ్వుతూనే ముందుకు వచ్చింది. “ఇయ్యి పెద్దమ్మా. ఏ ఊరు పిల్లగాడు?”

“రాగిపల్లి గడి,” అన్నారు రంగారావు గారు.

లచ్చవ్వ నవ్వు ఆగిపోయింది. “రాగిపల్లి గడా? మా చిన్నమ్మను గా ఊరికే ఇచ్చిర్రు. నడుము ఇరిగేదాక గడి బట్టలుతికింది. చచ్చేదాక ‘ఏమే’ అనే పిలిచిర్రట, పేరు పెట్టి పిలిచింది లేదు. గా ఇంటి పిల్లగాడు నాకు కొడుకా?”

 ఆమె అన్నదానిలో ఒక్క మాట కూడా తప్పు లేదు. ఆ చిన్నమ్మ పేరు నాకూ తెలియదు.

“మీ చిన్నమ్మ పేరేంది?” అని అడిగాను.

లచ్చవ్వ నా వైపు తిరిగింది. “ఎల్లమ్మ,” అంది. “ఇగ ఇను. నాకు కొడుకువు గావాలెనంటె వంగి కాల్లు మొక్కాలె. వాకిట్ల. అందరు సూడంగ.”

అందరు అంటే నిజంగానే అందరు. గొడవ విని సగం ఊరు వాకిట్లో చేరింది. గాడిద ముందు వరుసలో ఉంది. నేను అరుగు దిగాను. నరహరిరావు గారు, లక్ష్మణరావు గారు, రాఘవరావు గారు, ముగ్గురూ నా వెన్నులో నిలబడి వద్దు వద్దన్నారు. తలుపు సందులో రెండు కళ్ళు కనిపించాయి. వంగాను. వంగినప్పుడు నడుములో టక్కుమని ఒక చప్పుడైంది. మూడు తరాలుగా అక్కడ పట్టేసినదేదో వదిలి ఉంటుంది.

“అమ్మా,” అన్నాను.

“గట్టిగ. వెనుకోల్లకు ఇనపడాలె.”

“అమ్మా!” అన్నాను గుట్టలు వినేటట్టు.

లచ్చవ్వ వాకిట్లో కూర్చుని ఒడి చాపింది. దత్తతంటే ఒడిలో కూర్చోవాలట. షేర్వానీతో సహా కూర్చున్నాను. “ఓయమ్మో, దొరల తిండి బరువున్నది!” అంది. ఊరు గొల్లుమంది. ముసలామె చెంబుతో నీళ్ళు తెచ్చి లచ్చవ్వ చేతిలో పోస్తూ, “నా కొడుకును నీకిస్తున్న,” అంది. ఇస్తూ ఇస్తూ ఏడ్చింది కూడా. ఒక్క పూటలో కొడుకు దొరికి, ఆ పూటే చేజారటం మాటలు కాదు.

“తీసుకున్న,” అంది లచ్చవ్వ. తరువాత అందరి వైపు తిరిగింది. “చేన్ల బిడ్డ అన్నడు, గాన్నే అక్క అన్నడు, ఇంటికొచ్చినంక అమ్మ అన్నడు. అవ్వ అనకముందే వీని పెండ్లి జేసెయ్యాలె. అన్నా, నీ బిడ్డను నా కొడుక్కిస్తవా?”

రంగారావు గారు లేచి నిలబడ్డారు. ముఖం పూర్ణిమ చంద్రుడు. “చెల్లె కొడుక్కు గాక ఇంకెవలకిస్త!”

ముసలామె కళ్ళు తుడుచుకుని నన్ను కొత్తగా చూసింది. ఇప్పుడు నేను ఆమెకు మనుమణ్ణి. “మనుమడా, రొట్టె తింటవా?” అంది.

దీన్ని మీరు పరాజయం అంటారేమో. నేనైతే విజయమనే అంటాను. ఒక్క పగటిలో నాకు ఇద్దరు తల్లులు దొరికారు, మామ దొరికాడు, నన్ను చూసి నవ్వగల పెండ్లాం దొరికింది. కత్తి పట్టకుండా ఇంత సాధించినవాడు మా వంశంలో ఇంకొకడుంటే చూపించండి.

పెండ్లికి మా బాపు వచ్చాడు. పెండ్లికొడుకు తల్లికి పెట్టే చీర రెండు పెట్టించారు రంగారావు గారు. ఒకటి మా అమ్మకు, ఒకటి లచ్చవ్వకు. రెండూ నారాయణపేట చీరలే, ఒకే అంచు. మా బాపు ముఖం నల్లబడింది. లచ్చవ్వ చీర భుజాన వేసుకుని వచ్చి, “పెండ్లి మంచిగైందా?” అని ఆయన ఎదుట నిలబడి అడిగింది. కొడుకు తల్లిని ఏమని పిలవాలో ఆయనకు తోచలేదు. నోట్లో ‘ఏమే’ మొదలై ఆగటం నేను కళ్ళారా చూశాను. దాన్ని మింగి, “మీరు భోజనం చేసిన్రా?” అన్నాడు. మా వంశంలో ఒక చాకలామెను ‘మీరు’ అన్న మొదటి మనిషి మా బాపు. ఆ ఘనత నాదని చెప్పుకోవటానికి నేను సిగ్గుపడను.

ఆండాళు ఇప్పటికీ మాటల్లో నన్ను గెలుస్తుంది. మామూలు రోజుల్లో నన్ను పేరు పెట్టి పిలవదు, ఏమీ పిలవదు. కోపం వచ్చినప్పుడు మాత్రం, చుట్టాలందరి ముందు, తలుపు దగ్గర నిలబడి ఎంతో వినయంగా, “చిన్నాయినా, అన్నానికి లేవుండ్రి,” అంటుంది. చుట్టాలు ఉలిక్కిపడతారు. నేను వెంటనే లేస్తాను.

అందుకని ఈ రాత మూలంగా అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. ఇక బతికి ఉన్నంత కాలం దారిలో కనిపించిన ఏ మనిషినీ అమ్మా అని గానీ, అన్నా అని గానీ, బావా అని గానీ, ముఖ్యంగా బిడ్డా అని గానీ పిలవను. దాహంతో గొంతెండినా, మెడ మీద కొడవలి ఉన్నా, ముందు వాళ్ళ ఇంట్లో ఎవరెవరున్నారో, ఎవరు ఎవరికి ఏమవుతారో పూర్తిగా విచారించి, వేళ్ళు మడిచి లెక్క చూసుకుని, ఆ తరువాతే నోరు తెరుస్తాను.

ఇంతకీ ఆ పెండ్లిలో మా వంతు ఖర్చుకు రాగిపల్లి చెరువు కింద మాకు మిగిలిన తరి పొలం అమ్మేశాం.